పిండర్లీ దొర పక్కన జాగా

దేవసహాయం పొద్దున కాఫీ ముట్టకముందే తడి తువ్వాలు భుజాన వేసుకుని సమాధుల తోటకు పోతాడు. ఓడరేవు రోడ్డు మీద రాత్రంతా లారీలు లేపిన దుమ్ము భార్య అబిగయీలు సమాధి మీద పలచటి పొరగా పరుచుకుని ఉంటుంది. అది తుడిచేదాకా ఆయనకు కాలు ఒకచోట నిలవదు. పధ్నాలుగు నెలలుగా ఇదే వరస. ఆమె బతికున్నన్నాళ్ళూ ఆయన ఒక్కనాడు గుడ్డ పట్టుకుని కిటికీ తుడిచిన మనిషి కాదు. ఆ సంగతి గుర్తుకొచ్చినప్పుడల్లా తువ్వాలును ఇంకొంచెం గట్టిగా పిండుతాడు.

ఆ శుక్రవారం కూడా తుడవడం అయ్యాక చెప్పులు విడిచి, వంగి, భార్య సమాధికీ దానికి ఉత్తరంగా ఉన్న నల్లరాతికీ నడుమ జాగాను జానలతో కొలిచాడు. ఆరు జానలు, పైన బెత్తెడు. నిన్నా అంతే, మొన్నా అంతే. భూమి రాత్రికి రాత్రి పెరగదని బి.ఏ. చదివిన మనిషికి తెలియకపోదు. అయినా చేతులు ఊరుకోవు.

"ఏం సార్, పెరిగిందా?" గోడకు సున్నం కొడుతున్న చెంచురామయ్య అడిగాడు. ఆ తోటలో గుంతలు తవ్వేదీ, గోడలకు సున్నం వేసేదీ అతనే.

"పెరగలేదు. తగ్గనూ లేదు. అదే పదివేలు."

"ఆదివారం కమిటీలో తేలిపోద్ది గదా. అంతదాకా కొలవబాకండి సార్, నడుం పట్టుకుంటాది."

ఆదివారం. ఆ మాట వినగానే దేవసహాయం తువ్వాలును మళ్ళీ తడిపి, తుడిచిన రాతినే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

తోట నిండిపోయింది. గోడకు గోడకు నడుమ సమాధులు బడిపిల్లల్లా ఒరుసుకుని ఉన్నాయి. పెద్దవాళ్ళ పక్కన అక్కడక్కడ చిన్న చిన్న దిబ్బలు. పసిపిల్లలను ఆ ఊళ్ళో ఒంటిగా పూడ్చరు. అవ్వ పక్కనో, మేనత్త పక్కనో, ఎవరో ఒక పెద్దదిక్కు చూసి ఆ పక్కన పెడతారు. అది ఆడవాళ్ళ పట్టు. చర్చికి వచ్చిన ఏ పాస్టరయ్యగారూ దాన్ని కాదనలేదు. కొత్త సంవత్సరం నుంచి చనిపోయినవాళ్ళను రొయ్యల గుంటలకు అవతల, సంఘం కొన్న కొత్త నేలలో పెట్టాలని చర్చి కమిటీ తీర్మానించింది. ఇక్కడికి మూడు కిలోమీటర్లు.

ఈ తోటలో ఇంకా ఖాళీగా ఉన్నది ఒక్క చోటే. ఆ నల్లరాతికి ఈ పక్క ఆరు జానలు, ఆ పక్క ఆరు జానలు. ఆ పక్కన వేపచెట్టు వేరు పాకి గునపం దిగదు. ఈ పక్కన అబిగయీలు. ఆమెకు దక్షిణంగా నడకదారి, దారి పక్కన గోడ. కాబట్టి దేవసహాయానికి కావలసింది ఈ ఆరు జానలూ బెత్తెడే.

పెద్ద తుపాను వచ్చిన ఏడాది కొత్తగా కాపురానికి వచ్చిన అబిగయీలు, గాలి హోరుకు భయపడి ఆయన చొక్కా అంచు పిడికిట పట్టుకుని పడుకుంది. తర్వాత నలభై ఏళ్ళు, గాలి లేచిన ప్రతిరాత్రీ అదే పని. "నాకు ఒంటిగా నిద్ర పట్టదయ్యా," అనేది, తప్పు ఒప్పుకుంటున్నట్టు. ఆమె మీద ఇసుక పోసేముందు దేవసహాయం వంగి, అందరూ వింటుండగానే, "పక్కకే వస్తాలే," అన్నాడు. అప్పుడు ఆ జాగా ఎవరిదో ఆలోచించలేదు.

అది దొరది. దొర పేరు పిండర్లీ. రాతి మీద ఇంగ్లీషులో 'జె. పిండర్లీ, 1878' అని మాత్రమే ఉంది. రాయి మూడడుగులే కనిపిస్తుంది. తక్కిన సగాన్ని ఇసుక మింగిందని ఊళ్ళో చెప్పుకుంటారు. దొర పక్కన మనబోటివాళ్ళం పడుకోవడం మర్యాద కాదని ముందుతరాల వాళ్ళు రెండు పక్కలా ఒక్కో మనిషి వెడల్పు వదిలిపెట్టారు. అక్కడ చెప్పులతో కూడా నడవరు. సమాధుల పండగనాడు మొదటి కొవ్వొత్తి దొరకే.

ఇక దేవసహాయం ఇంటిపేరు కూడా పిండర్లీయే. బడిలో 'పిండి' అన్నారు. కాలేజీలో 'ఏరా, లండన్' అన్నారు. నెల్లూరు టెలిఫోను ఎక్స్ఛేంజీలో ముప్ఫైనాలుగేళ్ళు పనిచేస్తే, కొత్తగా వచ్చిన ప్రతి ఆఫీసరూ కాగితం మీద ఆ పేరు చూసి తలెత్తి, ఈ నల్లని పొడుగాటి మనిషిని చూసి, మళ్ళీ కాగితం చూసేవాడు. వాళ్ళ నాయన చెప్పిన కథ ఒకటుంది. దొర గుర్రం మీద వచ్చాడు, కరువులో బావులు తవ్వించాడు, ఇక్కడి పిల్లను పెళ్ళాడాడు, ఆ కొడుకే మా తాత. సాక్ష్యం ఏమిటంటే, ఎప్పుడో చనిపోయిన ఒక మేనత్తకు పిల్లికళ్ళు. దేవసహాయం ఆ కథను గట్టిగా నమ్మలేదు, కాదనీ అనలేదు. ఇంట్లో పాతకుర్చీ ఉంటుంది చూడండి, కూర్చోరు, పారేయరు, అలా ఉంచుకున్నాడు.

ఇప్పుడు ఆ కుర్చీ మీద కూర్చోవలసి వచ్చింది. గత నెల కమిటీలో ఆయన ఆ జాగా అడిగినప్పుడు రెబెక్కమ్మ తేల్చిచెప్పింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. సంఘంలో అయ్యగారి మాట మొదటిదైతే ఆమెది ఆఖరిది.

"దొర పక్కన జాగా దొర రక్తానికే చెల్లుద్ది. నువ్వు దొర వంశమైతే పడుకోబ్బా, ఎవురొద్దన్నారు? కాయితం చూపియ్యి. ఊరికే ఇస్తే రేపు ఇంకొకడొచ్చి నాకూ దొర కలలో కనపడినాడంటాడు."

ఆ కాగితం కోసమే నెలరోజులుగా ఆరాటం. దానికి దేవుడు పంపినట్టు దొరికింది హిల్డా పిండర్లీ. ఇంగ్లండులో పోస్టాఫీసులో పనిచేసి రిటైరయిన ఆవిడ. పిండర్లీ అన్న పేరున్నవాళ్ళు లోకంలో ఎక్కడెక్కడ ఉన్నారో వెతికి పట్టికలో ఎక్కించడం ఆవిడ పని. నెల్లూరులో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేసే దేవసహాయం కూతురు ఏంజెలిన్ పేరు ఇంటర్నెట్టులో చూసి, నువ్వెవరమ్మా అని రాసింది. మొత్తం నలభైఒక్క మంది ఉన్నారట, అందులో ఏడుగురు ఈ కుటుంబమేనట. దేవసహాయం ఆ రాతి ఫోటో తీయించి పంపి, ఈ జె. పిండర్లీ దొర మీ వంశంలో ఎవరో తెలుసా, కొంచెం త్వరగా చెప్పగలరా అని అడిగాడు. ఎందుకు త్వరో రాయలేదు.

సమాధుల తోట నుంచి ఇంటికొచ్చి స్టవ్వు వెలిగించేసరికి ఏంజెలిన్ ఫోను.

"డాడీ, హిల్డా గారు జవాబు పంపించారు. నీకు వాట్సాప్‌లో పెట్టినాను. కూర్చుని చదువు."

"కూర్చునే ఉన్నా," అన్నాడు దేవసహాయం, నిలబడి.

జవాబు పొడుగ్గా ఉంది. హిల్డమ్మ ముందు పేరు పుట్టుక చెప్పింది. వాళ్ళ జిల్లాలో పూర్వం పొలాల్లో పడ్డ దిక్కులేని పశువులను తోలుకొచ్చి, దొడ్లో కట్టి, సొంతదారు వచ్చేదాకా నీళ్ళూ మేతా చూసే మనిషిని పిండర్ అనేవాళ్ళట. లీ అంటే అడవి కొట్టి చదునుచేసిన బయలట. ఆ బయలు పక్కన కాపురమున్నవాళ్ళు పిండర్లీలయ్యారు. ఊరు ఒకటే, పేరూ ఒకటే. ఆడపిల్లలు పెళ్ళిళ్ళయి పేర్లు మార్చుకుని పోతుంటే, మగపిల్లలు యుద్ధాలకు పోతుంటే, పేరు చిక్కిపోతూ వచ్చింది.

"బందెలదొడ్డి కాపలావాడా మా దొర!" దేవసహాయం పైకే అని నవ్వాడు. పాలు పొంగాయి. స్టవ్వు కట్టేసి మళ్ళీ చదివాడు. ఈసారి నవ్వు రాలేదు.

'మీ రాయి ఫోటో చూసి నేను చాలాసేపు ఆలోచనలో పడ్డాను,' అని రాసింది హిల్డమ్మ. 'మా వంశంలో ఆ కాలంలో ఇండియాకు వచ్చిన పిండర్లీ ఒక్కడూ లేడు. అన్ని కొమ్మలూ నాకు తెలుసు. ఒకే ఒక్క జాన్ ఉన్నాడు. ఎనిమిదో ఏట గొంతువాపుతో ఇక్కడే పోయాడు. వాడి మేనత్త హారియట్, పెళ్ళి చేసుకోలేదు. వాడి పేరు మీద మీ దేశంలో కరువుపిల్లల బోర్డింగులో ఒక అబ్బాయిని పోషించిందని మా చర్చి పాత చిట్టాలో ఒక వాక్యం ఉంది. మీ చర్చిలో రిజిస్టర్లు ఉంటే చూడగలరా?'

కాఫీ చల్లారిపోయింది. దేవసహాయం దాన్ని అలాగే తాగేశాడు. చల్లారిన కాఫీని ఒక్క మాట అనకుండా మళ్ళీ వేడిచేసి ఇచ్చే మనిషి ఉన్నప్పుడు ఆయనకు కాఫీ చల్లారుతుందనే తెలియదు.

*

రిజిస్టర్లున్న బీరువా తాళం రెబెక్కమ్మ మొలలో ఉంటుంది. ఆయన వెళ్ళేసరికి ఆమె గడపలో కూర్చుని ఎండుచేపల తలలు తుంచుతోంది.

"వందనాలక్కా."

"వందనాలు. ఏందబ్బా, మొకం అట్లా పీక్కుపోయింది? తిన్నావా?"

"తిన్నా."

"అబద్ధం. అబిగయీలు పోయినప్పటి నుంచి నువ్వు తిన్నాననే మాట ఒక్కటీ నిజం గాదు." లోపలికి పోయి రెండు ఇడ్లీలు, చేపల పులుసు తెచ్చి ముందు పెట్టింది. "తిని మాట్లాడు. కాయితం దొరికిందా?"

"బీరువాలో దొరుకుతుందేమోనని. పాత రిజిస్టర్లు చూడాలక్కా."

"అయితే నిజంగా దొర వంశమేనంటావా?" ఆమె కళ్ళు చికిలించి చూసింది. "నీ మొకంలో దొర పోలిక నాకేడా కనపడలా. ఆ ముక్కు మాత్రం రవంత ఉంది." తాళం మొలలోంచి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. "చూసుకో. ఉంటే ఉన్నట్టు చెప్పు."

పులుసు నిన్నటిది. నిన్నటి చేపల పులుసుకు ఉండే రుచి ఇవాళ్టిదానికి రాదు. అంత ఆరాటంలోనూ దేవసహాయం ఆ సంగతి గమనించాడు.

చర్చి వెనక వెస్ట్రీ గదిలో పాస్టరు సుశీల్ కుమార్ బీరువా తలుపు పట్టుకుంటే, దేవసహాయం రిజిస్టర్లు దించాడు. అట్టలు చెదలు తిన్నవి. కాగితం మాత్రం గట్టిది. పాస్టరు ముప్ఫై దాటని మనిషి, ఒక పేజీ చూసి చేతులెత్తేశాడు.

"ఈ కలిపి రాసిన ఇంగ్లీషు నావల్ల కాదంకుల్. మీరు చదివి, ఏముందో ఆదివారం చెప్పండి చాలు. మీరు చెబితే ఇంక ఎవరు చూస్తారు?"

ఆయన ప్రార్థన కూటానికి వెళ్ళిపోయాడు. దేవసహాయం కిటికీ దగ్గరికి బల్ల లాక్కున్నాడు. 1876 నాటి ధాత కరువు పేజీలు పట్టుకోవడం కష్టం కాలేదు. అంతవరకు నెలకు రెండు మూడు పేర్లున్న రిజిస్టరులో ఒక్కసారిగా పేజీకి ముప్ఫై పేర్లు. వయసు సుమారు ఇంత, ఫలానా దారి పక్కన దొరికినది, ఫలానా సత్రం దగ్గర దొరికినవాడు. చివరి గడిలో ఇంగ్లీషు పేర్లు. ఏ దాత పోషిస్తే ఆ దాత కోరిన పేరు పిల్లవాడికి.

వేలు ఒకచోట ఆగింది.

పెంచలయ్య. మగ. వయసు సుమారు ఆరు. తల్లి దారిలో పోయినది. పేరు మార్చి జాన్ పిండర్లీ. పోషణ, కుమారి హెచ్. పిండర్లీ.

దాని పక్కన ఎర్రసిరాతో: 1878 మార్చిలో మరణం. పడమటి గోడ దగ్గర. రాయి ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చింది.

కింద అదే ఎర్రసిరా: పేరు కొనసాగింపు, వరస సంఖ్య 212.

దేవసహాయం పేజీలు తిప్పాడు. తొందరలో రెండు పేజీలు ఒక్కసారే తిరిగాయి. వెనక్కి వచ్చాడు. 212. రమణయ్య. మగ. వయసు సుమారు నాలుగు. ఉప్పుమళ్ళ దగ్గర దొరికినవాడు. జాన్ పిండర్లీ అన్న పేరు ఇతనికి ఇవ్వబడినది.

ఆ రమణయ్యే తన ముత్తాత. ఇంట్లో ఉన్న పాత బైబిలు మొదటి పేజీలో 'జాన్ పిండర్లీ, ఉప్పుమళ్ళ రమణయ్య' అని ఉంటుంది. ఉప్పుమళ్ళు అనేది దొరకు ఉప్పు కొఠారు ఉన్నందువల్ల వచ్చిందని నాయన చెప్పేవాడు.

దొర లేడు. గుర్రం లేదు. ఒక పిల్లవాడు చనిపోతే, సముద్రానికి ఆవల ఉన్న మేనత్తకు పిల్లవాడు లేకుండా పోకూడదని, ఆ పేరు తీసి ఇంకో పిల్లవాడికి తొడిగారు. వాడు బతికాడు.

కిటికీలోంచి చూస్తే తోట కనిపిస్తుంది. దేవసహాయం రిజిస్టరు మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు. లేచి గదిలో నాలుగు వైపులా తిరిగాడు. తర్వాత చెంచురామయ్యను పిలిచాడు.

"రామయ్యా, ఆ దొర రాయి ఇసుకలో ఎంతదాకా ఉందో చూడగలవా? తవ్వొద్దు. గునపంతో ఊరికే తట్టి చూడు."

"దొరకు కోపం వస్తే?"

"రాదు."

చెంచురామయ్య దణ్ణం పెట్టుకుని, రాతి అంచు నుంచి కాళ్ళ వైపుకు బెత్తెడు బెత్తెడు దూరాన గునపం దించాడు. ఇసుక. ఇసుక. మళ్ళీ ఇసుక. రాయి ఎక్కడా తగల్లేదు.

"ఇంతే సార్. ఇసుక ఏం మింగలా. మూడడుగులే." అతను గునపం ఆనుకుని రాతిని ఎగాదిగా చూశాడు. "ఇంతపాటి గుంతలు నేను శానా తవ్వినా. దొరలు ఇంత పొట్టిగా ఉంటారా సార్?"

దేవసహాయం రాతి పక్కన, ఎవరూ అడుగుపెట్టని ఆ జాగా అంచున, చతికిలబడ్డాడు.

*

శనివారం ఒక్క పని చేతికి రాలేదు. మోపెడ్ తీసుకుని కృష్ణపట్నం దాకా పోయాడు, ఎందుకు పోయాడో తెలియక తిరిగొచ్చాడు. దారిలో టీ చెప్పి, డబ్బులిచ్చి, టీ తాగకుండా బండెక్కితే కొట్టతను వెనకనుంచి కేకేసి పిలిచి గ్లాసు చేతిలో పెట్టాడు. మధ్యాహ్నం కూతురికి ఫోను చేసి అంతా చెప్పాడు.

ఏంజెలిన్ మెల్లగా అంది, "రిజిస్టరులో జాన్ పిండర్లీ అనే పేరుంది కదా డాడీ?"

"ఉంది."

"మన బైబిల్లో ముత్తాత పేరు జాన్ పిండర్లీయేనా, కాదా?"

"అవును."

"రెండూ నిజాలే. ఆ రెండే చెప్పు. మూడోది వాళ్ళు అడగరు. పాస్టరు గారు చదవనే లేదన్నావు."

"మీ అమ్మ అయితే..."

"అమ్మకోసమే చెబుతున్నా. అమ్మని అక్కడ ఒక్కదాన్నే ఉంచి నువ్వు రొయ్యల గుంటల అవతలికి పోతావా?"

ఫోను పెట్టేశాక దేవసహాయం ఇల్లంతా తిరిగాడు. వంటింట్లో అబిగయీలు మేకుకు తగిలించిన సంచి అలాగే ఉంది. ఒకసారి చేపలమ్మ లెక్క తప్పి ఒక మట్టగుడిస ఎక్కువ వేసిపోతే, ఆ మిట్టమధ్యాహ్నం చేప తీసుకుని మూడు వీధులు వెతుక్కుంటూ పోయింది అబిగయీలు. 'ఒక చేపకు ఇంత ఎండలోనా?' అంటే, 'వండితే నా గొంతు దిగదయ్యా,' అంది. ఆయన కోసం ఆమె ఎన్నో చేసేది. అబద్ధం మాత్రం ఆయన కోసం కూడా ఆడలేకపోయేది.

కాని ఆమె ఒంటిగానూ నిద్రపోలేకపోయేది. రెండూ ఆమే. ఏ అబిగయీలు మాట వినాలి?

సాయంత్రం గాలి లేచింది. గాలి తూర్పుకు తిరిగితే దుమ్ము సమాధుల వైపు రాదు. ఇవాళ తిరిగింది. అదొక దయ అనుకున్నాడు. అయినా తడి తువ్వాలు పట్టుకుని పోయాడు. అబిగయీలు సమాధి శుభ్రంగా ఉంది. తువ్వాలు పట్టుకుని ఏం చేయాలో తోచక పక్కకు చూస్తే ఆ చిన్నరాయి కనిపించింది. పండగకు కొవ్వొత్తి పెడతారుగాని దాన్ని ఎవరూ తుడవరు. దొరను ముట్టుకోవడం మర్యాద కాదు కనుక. రాతి మీద పక్షిరెట్టలు, వేపాకు, దుమ్ము. అమ్మ దారిలో పోయిన పిల్లవాడు. ముట్టుకుని తుడిచే చెయ్యి లేక ఇన్నేళ్ళు.

*

ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీవాళ్ళు ఎనిమిదిమంది బెంచీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. బస్సు దిగి నేరుగా ఆరాధనకు వచ్చిన ఏంజెలిన్ చివరి బెంచీలో చేతులు బిగించుకుని కూర్చుంది.

"చెప్పండన్నా," అన్నాడు కమిటీ కార్యదర్శి రవి కుమార్. ఓడరేవులో క్రేను నడిపే మనిషి, గొంతు పెద్దది. "దొర గారు మీకు ఏమవుతారు?"

దేవసహాయం రిజిస్టరు బల్ల మీద పెట్టాడు. రెండు నిజాలు నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. కూతురి వైపు చూశాడు. ఆమె కళ్ళు దించుకుంది.

"ఏమీ కాడు," అన్నాడు. "అక్కడున్నది దొర కాడు. మనవాడే. పెంచలయ్య అని, ధాత కరువులో దొరికిన పిల్లవాడు. ఇంగ్లండులో ఒకావిడ పోషించింది, వాళ్ళ ఇంటిపేరు పెట్టింది. ఆ పిల్లవాడు చనిపోతే అదే పేరు తీసి మా ముత్తాతకు పెట్టారు. మా ముత్తాత కూడా కరువుపిల్లవాడే. మాకూ ఆ రాతికిందివాడికీ రక్తసంబంధం లేదు. జాగా అడగడానికి నాకు హక్కు లేదని తెలిసింది. అది చెబుదామనే వచ్చా."

ఎర్రసిరా వాక్యాలు వేలు పెట్టి చదివి, తెలుగులో చెప్పాడు. పేరుకు అర్థం కూడా చెప్పాడు. దాచేందుకు ఇంక ఏమీ లేదు.

ముందు ఎవరో పక్కున నవ్వారు.

"అంటే, అన్నా," రవి కుమార్ అన్నాడు, "నూటయాభై ఏళ్ళుగా మనం బందెలదొడ్డి పిల్లోడికి మొదటి కొవ్వొత్తి పెడతా ఉన్నామా? మా నాయన ఆ రాయి కాడ చెప్పులేసుకుని నడిచినానని నన్ను చింతబరికెతో కొట్టినాడే!"

నవ్వు బెంచీల మీద పాకింది. దేవసహాయం కూడా నవ్వబోయాడు, కుదరలేదు. రిజిస్టరు మూసి లేవబోయాడు.

"కూర్చో," అంది రెబెక్కమ్మ.

ఆమె నవ్వలేదు. కర్ర గడ్డం కింద ఆనించుకుని నేల చూస్తోంది.

"ఎంత వయసన్నావు బిడ్డకి?"

"ఆరేళ్ళక్కా. సుమారు."

"అమ్మ?"

"దారిలోనే పోయిందట."

"పక్కన ఎవురిని పెట్టినారు?"

దేవసహాయానికి ఆ ప్రశ్న వెంటనే అర్థం కాలేదు. "ఎవరినీ లేదక్కా. దొర అనుకున్నాం కదా, రెండు పక్కలా జాగా వదిలేశాం."

రెబెక్కమ్మ లేచింది. కర్ర తాటించుకుంటూ తలుపు దాటింది. ఒకరి ముఖం ఒకరు చూసుకుని అందరూ వెంట నడిచారు. తోటలో ముందు ఆమె తన అత్తగారి సమాధి దగ్గర ఆగింది. దాని పక్కన జానెడు ఎత్తు దిబ్బ, ఆమె ఎనిమిది నెలల బిడ్డది. యాభై ఏళ్ళ కిందటిది. ఇప్పటికీ దాని చుట్టూ తెల్లగవ్వలు పేర్చి ఉంటాయి. దాన్ని ఒకసారి చూసి, అక్కడి నుంచి నల్లరాతి దగ్గరికి వచ్చింది. రాయి తుడిచి ఉండడం చూసింది. చెప్పులు విడవలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ ఖాళీ జాగాలోకి నేరుగా నడిచి నిలబడింది.

"మా అత్త నా బిడ్డని తన పక్కన పెట్టుకోనుంది గాబట్టి నేను ఈ యాభై ఏళ్ళు కంటినిండా నిద్రపోయినా," అంది. "ఈడేమో ఆరేళ్ళోడు. తల్లి లేనోడు. మనం దొరా దొరా అని భయపడి అంత దూరం జరిగి, ఒంటిగా పడుకోబెట్టినాం. ఒక్కడే, ఈ గాలిలో. ఎవురి పిల్లోడినన్నా ఇట్లా ఉంచినామా మనం? చెప్పండబ్బా, ఎవురన్నా ఉంచినారా?"

నవ్విన వాళ్ళెవరూ ఇప్పుడు నవ్వడం లేదు. రవి కుమార్ మెల్లగా తల దించుకున్నాడు.

"ఈ పక్కన ఒక పెద్దదిక్కు ఉండాల," అంది రెబెక్కమ్మ. "రక్తంగాకపోతే ఏం? ఆ బిడ్డ పేరు కప్పుకోని వీళ్ళ ముత్తాత బతికినాడు. ఇదీ ఇంక నా మాట. రాసుకో రవీ. దేవసహాయం, నువ్వు పడుకుంటావా ఈడి పక్కన?"

దేవసహాయం తల ఊపాడు.

"ఊపడం గాదు, నోటితో చెప్పు. కమిటీలో రాయాల."

"పడుకుంటానక్కా."

"సరే. తొందరేం లేదులే," అంది ఆమె. "నీ మొకం చూస్తే రేపే గుంత తవ్వమనేటట్టున్నావు. ముందు నాలుగు రోజులు సరిగా తిను. నీకంటే పెద్దదాన్ని, నేనే ఇంకా ఆ కొత్త నేలకు పోలా."

చెంచురామయ్య గోడ మీద నుంచి, "నేనిప్పుడే తవ్వనబ్బా, ఎండగా ఉంది," అన్నాడు. అందరూ గట్టిగా నవ్వారు, ఏంజెలిన్ కూడా, కళ్ళు తుడుచుకుంటూ.

వాళ్ళంతా వెళ్ళిపోయాక తండ్రీ కూతుళ్ళే మిగిలారు. "హిల్డా గారికి ఏం రాయమంటావు డాడీ?" అడిగింది ఏంజెలిన్.

"పట్టికలో ఇంకొకణ్ణి ఎక్కించమను. నలభైరెండో మనిషి. పెంచలయ్య అనే పేరు కూడా పక్కన రాయమను. వాళ్ళ హారియట్ మేనత్త పంపిన రాయి చెక్కు చెదరకుండా ఉందని చెప్పు," అన్నాడు.

ఏంజెలిన్ గేటు దగ్గర నిలబడి ఫోనులో రాసుకుంటోంది. దేవసహాయం చెప్పులు విడిచి, అలవాటుగా వంగి, మొదటి జాన పెట్టబోయి ఆగిపోయాడు. చెయ్యి వెనక్కి తీసుకుని అక్కడే, అబిగయీలుకూ పిల్లవాడికీ నడుమ, ఇసుకలో కూర్చున్నాడు. ఇసుక వెచ్చగా ఉంది. చాలా రోజుల తర్వాత ఎక్కడికీ లేచిపోవాలనిపించలేదు. తువ్వాలు ఒక కొసతో ఈ రాతినీ, రెండో కొసతో ఆ రాతినీ తుడిచాడు.